అడ్డురాయి

కంటి ఆస్పత్రి చీటీలో రాసుంది:
వంగరాదు, బరువెత్తరాదు,
తలస్నానం పదిహేను రోజులు వద్దు.
"సముద్రం చూడరాదని రాయలేదు గదా"
అంది చెంచురత్నమ్మత్త.

ఆపరేషనై ఆరో రోజు.
నల్లద్దాలు పెట్టుకుని
బస్సులో కిటికీ పక్క సీటు తనదే అన్నట్టు కూర్చుంది.
కండక్టరు "ఉళైప్పాళర్ శిలై" అని అరిచాడు.
అదేం ఊరబ్బయా?
ఊరు కాదత్తా, కష్టం చేసేవాళ్ళ బొమ్మ.
"అయితే దిగదాం. మనోళ్ళే."

సాయంత్రం నాలుగున్నరకీ దిగని ఎండ.
మెట్రో తవ్వకాల రేకుల గోడ వెంట
సగం రోడ్డు, సగం దుమ్ము,
ఎక్కడో కాలుతున్న మొక్కజొన్న పొత్తు.
అవతల ఎత్తు దిమ్మె మీద
నలుగురు నల్లటి మనుషులు, ఒక బండ.

రోజూ ఈ దారినే ఆఫీసుకి పోతాను.
తొమ్మిదేళ్ళుగా వాళ్ళు నాకు
బండి ఎడమకు తిప్పాల్సిన గుర్తు.

అత్త ఎటూ తిరగలేదు. నిలబడింది.
నడుం మీద చెయ్యేసుకుని
ముఠాలోకి కొత్తగా వచ్చినోళ్ళని చూసినట్టు
ఒక్కొక్కణ్ణే చూసింది.
మడమ చూసింది, పిక్క చూసింది, మోకాటి వంపు చూసింది.
"ముందోడు పనోడే.
ఆ రెండోడు పొద్దున ఏం తిన్నట్టు లేడు.
ఇదిగో, వీడు మాత్రం..." నవ్వింది,
"ప్రతి ముఠాలో ఒకడుంటాడు.
అరుపు వాడిది, నెట్టుడు పక్కోడిది."

ఎవరు చేశారని అడగలేదు.
ఇనుమా కంచా అని అడగలేదు.
ఎన్నాళ్ళబట్టి నెడతా ఉండారు?
నేను పుట్టకముందు నుంచీ, అత్తా.
ఎంత జరిగింది?
జరగలేదు.
"జరగదు. మనిషి తక్కువ."

నలుగురున్నారుగా అన్నాను.

"అయిదో మనిషి యాడ?
వీళ్ళు జానెడు నెడితే
ఆ జానెడూ వెనక్కి రాకుండా
అడ్డురాయి పెట్టే మనిషి.
ఆడమనిషి పని అది.
వీళ్ళు దమ్ము బిగబట్టినప్పుడు కాదు,
వదలబోయే ముందు, ఆ రెప్పపాటులో
చెయ్యి పోవాల, రాయి పడాల, చెయ్యి రావాల."

ఎడమ చెయ్యి చాచి చూపించింది.
చెయ్యి పోయింది.
చెయ్యి వచ్చింది, మూడు వేళ్ళతో.

ఆ చేత్తోనే నా గడ్డం పట్టుకుని
తల దువ్వి బడికి పంపేది.
అందరి అత్తల చేతులూ అంతేననుకునేవాణ్ణి.
అడగాల్సిన వయసు ఎప్పుడో వచ్చి
అడక్కుండానే దాటిపోయింది.

రేకుల గోడ కింద కంకర కుప్ప.
"నన్ను వంగొద్దన్నారు గదా, నువ్వే తియ్యి."
ఒకటి తీశాను. గుండ్రం, దొర్లుద్ది, అంది.
ఇంకోటి. మెత్తన, పిండవుద్ది.
మూడోదాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూసి,
డాక్టరు వద్దన్న పనే,
నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
కొత్త కంటితో దాని అంచులు చూసింది.
"ఇది."

కమ్మీల సందులోంచి చెయ్యి పోనిచ్చి
దిమ్మె మొదట్లో పెట్టాను.
బండ నా తలకి ఎంతో పైన ఉంది.
"లోపలికి, ఇంకా లోపలికి," వెనక నుంచి అత్త.
కానిస్టేబులు వచ్చి "ఎన్న సార్?" అన్నాడు.
నాకొచ్చిన తొమ్మిదేళ్ళ అరవంలో
ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు లేదు.
చెయ్యి దులుపుకున్నాను.

సముద్రం దాకా పోలేదు.
ఇసకలో కాళ్ళు లాగుతాయంది.
వేడి శనక్కాయలు కొనుక్కుని బస్సెక్కాం,
తొక్కలన్నీ కొంగులోనే దాచుకుంది.

రాత్రి చుక్కల మందు.
మొదటిది కంట్లో పడింది,
రెండోది చెంప మీదికి జారింది.
అయిదు నిమిషాలు కన్ను తెరవొద్దని చీటీలో ఉంది.
తెరవలేదు.
ఫ్యాను చప్పుడు వింటూ చాలాసేపు ఊరుకుని
"అబ్బయా," అంది,
"ఈపాటికి వాళ్ళు చేతులు దించుంటారంటావా?"